నలభై సెకన్ల వాయిస్, ఎవరికీ రాని భాష

జోహార్. జై సేవాలాల్. రామ్ రామ్.

మూడూ రాసే మొదలుపెడుతున్నా. ఏదో ఒక్కటే రాస్తే ఈ గ్రూపులో సగం మంది "ఓ, వీడు ఆ బ్యాచా" అనుకుని అక్కడే ఆపేస్తారు. నేనూ అలా ఆపేసినవాడినే కాబట్టి తెలుసు. పోస్టు పెద్దది, టైం ఉన్నప్పుడు చదవండి. తిట్టాలనుకుంటే మాత్రం చివరిదాకా చదివి తిట్టండి.

నేను కోయ. మాది భద్రాచలం ఏజెన్సీలో ఒక గూడెం. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నా. నా రూమ్‌మేట్ లంబాడా, మహబూబాబాద్ వైపు తండా. రెండేళ్లుగా ఒకే గది, ఒకే రైస్ కుక్కర్. వాడి అమ్మ పంపే పచ్చడి సగం నేనే తింటా. మా ఇంటి నుంచి ఇప్పపువ్వు లడ్డూలు వస్తే వాడు నాకు మిగల్చడు. ఇంత దగ్గరగా బతుకుతూ కూడా, ఫోన్ తెరిస్తే మేమిద్దరం వేరే వేరే లోకాల్లో ఉంటున్నామని చాలా రోజులు నాకు తెలియలేదు.

గతేడాది మా ఆదివాసీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులోకి ఒక వాయిస్ క్లిప్ వచ్చింది. నలభై సెకన్లు. ఒక పెద్దాయన కోపంగా, గట్టిగా గోర్ బోలీలో మాట్లాడుతున్నాడు. దాని కింద తెలుగులో ఎవరో రాశారు: మన వాళ్లను, మన దేవతలను ఎన్ని మాటలంటున్నాడో వినండి, ఇది విన్నాక కూడా రక్తం మరగకపోతే మీరు ఆదివాసీలే కాదు, అని. పైన రెండు బాణాల గుర్తు ఉంది. అంటే చాలాసార్లు ఫార్వర్డ్ అయ్యి మా దాకా వచ్చిందని. ఆ గుర్తు నాకు కనబడింది. కనబడినా పట్టించుకోలేదు, ఎందుకంటే అప్పటికే నా రక్తం కూడా మరుగుతోంది. అరగంటలో వంద మెసేజులు. ఎక్కడ ఉంటాడో కనుక్కోండి, పోలీస్ స్టేషన్‌కి పోదాం, స్టేషన్ ఎందుకు తండాకే పోదాం. ఒక్కరంటే ఒక్కరు "అసలు ఆయన ఏమన్నాడు?" అని అడగలేదు. గ్రూపులో రెండొందల పైన మంది ఉన్నాం. గోర్ బోలీ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఉండరు కూడా. వాళ్లు ఉండకూడదనే కదా ఆ గ్రూపు పెట్టింది.

రాత్రి గదిలో ఇంకోసారి విందామని ప్లే చేశా. ఇయర్‌ఫోన్ సరిగ్గా పెట్టుకోలేదు, బయటికి వినబడింది. మంచం మీద పడుకున్న మావాడు ఫక్కున నవ్వాడు. "మా తాత కూడా అచ్చం ఇట్లనే తిడతడు రా" అన్నాడు. ఎవర్ని తిడతాడు అంటే, "ఇంకెవర్ని, మమ్మల్నే."

మళ్లీ మళ్లీ వేయించుకుని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాడు. ఆ పెద్దాయన తిడుతున్నది సొంత తండా కుర్రోళ్లని. మిర్చికి రేటు లేదు, తెచ్చిన అప్పు అలానే ఉంది, పెళ్లికి డీజే కావాలా మీకు, మీ అయ్య చేను అమ్మి డీజే పెడతాడా, అని. అంతే. కోయలు లేరు, గోండులు లేరు, ఏ దేవతా లేదు. మా నాన్న ఆ క్లిప్ అర్థం చేసుకోగలిగితే ఆ పెద్దాయనకి దండం పెట్టేవాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. వెంటనే గ్రూపులో పెట్టలేదు. రెండు రోజులు ఆగాను. పెడితే ఏమంటారో ముందే తెలుసు. నీ రూమ్‌మేట్ చెబితే నమ్మేశావా అంటారు. ఆ రెండు రోజుల్లో క్లిప్ మా ఊరి ఫోన్లన్నీ తిరిగింది. ఆదివారం మా తమ్ముణ్ణి చూడ్డానికి హాస్టల్‌కి వెళ్లిన బాబాయి ఫోన్ చేసి ఒక మాట చెప్పాడు. తొమ్మిదో తరగతి పిల్లలు మెస్‌లో రెండు వరసలుగా విడిపోయి కూర్చుంటున్నారట. మనోళ్లు ఇటు, వాళ్లు అటు. నేను అదే మాదిరి మెస్‌లో ఏడేళ్లు తిన్నాను. ఎవరి పక్కన ఎవరం కూర్చున్నామో గుర్తు కూడా లేదు నాకు.

అప్పుడు పెట్టాను. తెలుగు అర్థం మొత్తం టైప్ చేసి పెట్టాను. మొదటి రిప్లై: "ఎంతకి అమ్ముడుపోయావ్ అన్నా?" పది నిమిషాల్లో గ్రూపు నుంచి తీసేశారు. తీసేసిన అడ్మిన్ ఎవరో కాదు, మా మేనత్త కొడుకు, వరసకి బావ.

ఎకో చాంబర్ అనే మాట మీరు వినే ఉంటారు. గుట్టకి ఎదురుగా నిలబడి కేకేస్తే మన కేకే మనకి తిరిగొస్తుంది కదా, పశువులు కాసేటప్పుడు అందరం ఆడిన ఆటే. అయితే గుట్ట దగ్గర అది మన గొంతే అని మనకి తెలుసు. ఫోన్‌లో తెలియదు. రెండొందల మంది మనలాంటి వాళ్లు అదే మాట అంటే అది రెండొందల సాక్ష్యాల్లా కనబడుతుంది. నిజానికి ఒక్కటే కేక.

దీని మీద రాసేవాళ్లు ఎక్కువగా అల్గారిథంని తిడతారు. 2011లో ఎలి పారిసర్ 'ఫిల్టర్ బబుల్' అని పుస్తకం రాసినప్పటి నుంచి అదే మాట. యూట్యూబ్ విషయంలో కొంత నిజం కూడా. ఒక రోజు కోపం తెప్పించే వీడియో చివరిదాకా చూడండి, మర్నాడు హోం పేజీ నిండా అలాంటివే ఉంటాయి. కానీ వాట్సాప్ గ్రూపులో మెసేజులను ఏరి పైకి తెచ్చే అల్గారిథం ఏదీ లేదు. ఎవరు పెట్టింది వాళ్లు పెట్టిన వరసలోనే కనబడుతుంది. అక్కడ ఏరేది మనమే. ఎవర్ని చేర్చుకోవాలో, ఎవరు మాట్లాడితే తీసేయాలో, ఏ మెసేజ్‌కి వంద దండాలు పెట్టాలో మనమే చూసుకుంటాం. 2015లో ఫేస్‌బుక్ పరిశోధకులు అమెరికా వాడకందార్ల మీద ఒక అధ్యయనం చేసి 'సైన్స్' పత్రికలో వేశారు. ఎదుటి పక్షం వార్తలు తగ్గడానికి తమ అల్గారిథం కన్నా, మనుషులు ఎవరితో స్నేహం చేశారు, దేని మీద నొక్కారు అన్నదే పెద్ద కారణం అని వాళ్ల వాదన. కంపెనీ వాళ్లు కంపెనీ గురించి చెప్పుకున్నది, కాబట్టి ఆ మాత్రం అనుమానం ఉంచుకోండి. మా గ్రూపు సంగతి మాత్రం అదే.

నాకు బాగా ఉపయోగపడింది సి. థీ న్గుయెన్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు చేసిన తేడా. ఆయన రెంటిని విడదీస్తాడు. ఒకటి, అవతలి మాట మన దాకా రాకపోవడం. దీన్ని ఆయన బుడగ అంటాడు. రెండోది, అవతలి మాట వచ్చినా, చెప్పేవాడు దొంగ అని ముందే మనకి నేర్పి పెట్టడం. ఎకో చాంబర్ అంటే ఇదీ. బుడగలో ఉన్నవాడికి ఒక కాగితం చూపిస్తే చాలు, "అవునా, తెలియదే" అంటాడు. రెండో రకంలో ఉన్నవాడికి అదే కాగితం చూపిస్తే, కాగితం కన్నా ముందు నిన్ను అనుమానిస్తాడు. నాకు క్లిప్ అర్థం తెలియకపోవడం బుడగ. అర్థం చెప్పినందుకు నేను అమ్ముడుపోయినవాణ్ణి కావడం రెండోది. ఏ గ్రూపు ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష నాకు దొరకలేదు. ఒక చిన్న తప్పు సరిచేసి చూడండి. ఎన్ని రిప్లైలు విషయం మీద వస్తాయి, ఎన్ని మీ మీద వస్తాయి?

"వాళ్ల గ్రూపుల్లో జరగట్లేదా?" అంటారు. జరుగుతోంది. మావాడి గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. జెండాలు, చేతుల్లో కర్రలు, గుట్టల మధ్య నుంచి వస్తున్న గుంపు. తండాల మీదికి వస్తున్నారు, జాగ్రత్త, అని కింద రాత. చూడగానే గుర్తుపట్టాను. అది జోడేఘాట్. కొమురం భీం వర్ధంతికి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జనం వచ్చే చోటు, నేనూ ఒకసారి వెళ్లాను. మావాడి గ్రూపులో ఆ ఊరు చూసినవాడు ఒక్కడూ లేడు. మాకు భాష రాలేదు, వాళ్లకి గుట్ట తెలియలేదు.

ఆ తర్వాత ఒక వారం మేమిద్దరం ఒక పని చేశాం. రాత్రి భోజనం అయ్యాక నా ఫోన్ వాడికి, వాడి ఫోన్ నాకు. అరగంట. పర్సనల్ చాట్‌లు చూడకూడదని ఒప్పందం (వాడు చూశాడని నా అనుమానం). గ్రూపులు, యూట్యూబ్, ఇన్‌స్టా రీల్స్ చూడొచ్చు. వాడి యూట్యూబ్ చూస్తే నాకు భయం వేసింది. అందులో మేము ఎవరో రెచ్చగొడితే ఊగిపోయే అమాయకులం. నా యూట్యూబ్‌లో వాళ్లు బంగళాల్లో ఉండి మా ఉద్యోగాలు తింటున్నవాళ్లు. వాడి నాన్న ఏటా నాలుగు నెలలు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికొస్తాడు. మా గదికి వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి, మంచం మీద కూర్చోమన్నా వినక కింద కూర్చుంటాడు. ఏ బంగళా?

ఇప్పుడు అసలు విషయాలకి వద్దాం. నష్టం ఎక్కడ జరుగుతోందో చూడాలి.

2020 ఏప్రిల్ 22. లాక్‌డౌన్. సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం జీవో నంబర్ 3ని కొట్టేసింది. 2000 జనవరిలో వచ్చిన జీవో అది, షెడ్యూల్డ్ ప్రాంతాల స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని. మా అక్క ఎస్జీటీ, ఏజెన్సీ డీఎస్సీలో వచ్చిన ఉద్యోగం. ఆ రోజు సాయంత్రానికే గ్రూపుల్లో "ఏజెన్సీ టీచర్ల ఉద్యోగాలన్నీ పోయాయి" అని వచ్చేసింది. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. అక్క మీద లోన్ ఉంది, బావ అప్పుడు పనిలేక ఇంట్లో ఉన్నాడు. మూడు రోజులు ఇల్లు ఇల్లులా లేదు.

తీర్పులో ఉన్నది వేరు. అప్పటిదాకా జరిగిన నియామకాలను కోర్టు కాపాడింది, ఒక షరతు మీద. రెండు రాష్ట్రాలూ ఇకముందు ఇలాంటి పని మళ్లీ చేయకూడదు, రిజర్వేషన్ పరిమితి దాటకూడదు అని. అంటే మా అక్క ఉద్యోగానికి ఏమీ కాదు. దెబ్బ పడింది మా తర్వాత డీఎడ్, బీఎడ్ చేస్తున్న వాళ్ల మీద. పోరాడాల్సింది వాళ్ల గురించి. మేమేమో ఉన్న ఉద్యోగాలు పోయాయని ఏడ్చి, పోలేదని తెలిశాక ఊపిరి పీల్చుకుని, పోయిన దాన్ని మర్చిపోయాం.

ఇక నింద. మా గ్రూపులో, లంబాడాలే వెనక ఉండి కేసు నడిపించారని. మావాడి గ్రూపులో, ఆదివాసీ నాయకులకి పట్టింపు లేక ఓడిపోయామని. కేసు వేసింది ఏజెన్సీలో ఉండే గిరిజనేతర అభ్యర్థులు. 2000లోనే ట్రిబ్యునల్ ఆ జీవోని కొట్టేసింది, 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో నిలబెట్టింది, అక్కడి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు సుప్రీంకోర్టులో ఉంది. అంతకుముందు 1986లో 275 నంబర్ జీవో కూడా కోర్టులో నిలవలేదు. జీవో 3 కింద స్థానిక ఎస్టీ అంటే కోయా, గోండూ, లంబాడా అందరూ. అందరం కలిసి పోగొట్టుకున్న దానికి ఒకర్నొకరం తిట్టుకున్నాం.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ తీర్పులోనే ఒకచోట కోర్టు, రిజర్వేషన్ ఫలాలు ఆయా వర్గాల్లో ముందుకొచ్చినవాళ్లకే అందుతున్నాయని, రిజర్వేషన్ శాతం తగ్గించకుండా జాబితాలను మళ్లీ చూడాలని అంటుంది. మా గ్రూపులో ఆ ఒక్క ముక్కే కత్తిరించి తిప్పాం. చూశారా, కోర్టే మనవైపు ఉంది, అని. జీవో 3 పోయిన తీర్పుని పండగలా పంచుకున్నవాళ్లు మాలో ఉన్నారు. మొత్తం చదివినవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా. నేను చదివింది 2023లో, ఒక పరీక్ష కోసం.

జాబితా గొడవ కూడా అంతే. మా వైపు అందరం నమ్మేది ఏంటంటే, ఎమర్జెన్సీలో ఎవరో ఒక నాయకుడు సంతకం పెట్టి లంబాడాలను ఎస్టీల్లో కలిపేశాడు, ఇంకో నాయకుడు సంతకం పెడితే పోతుంది. మావాడి వైపు నమ్మేది, మొదటి నుంచీ అన్నిచోట్లా ఎస్టీలమే అని. రెండూ సగం సగమే. ఆంధ్ర ప్రాంతంలో వాళ్లు ముందు నుంచే జాబితాలో ఉన్నారు. తెలంగాణ ప్రాంతంలో లేరు. 1976లో పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ ఉత్తర్వుల సవరణ చట్టం చేసి, ఒకే రాష్ట్రంలో ఒక చోట ఎస్టీ, ఇంకో చోట కాదు అనే ప్రాంతాల హద్దులు చాలావరకు తీసేసింది. అలా ఇక్కడ కూడా చేరారు. 342వ అధికరణ ప్రకారం జాబితాలో చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. ముఖ్యమంత్రి సంతకంతోనో, కలెక్టరేట్ ముట్టడితోనో అయ్యే పని కాదు. ఈ ఒక్క ముక్క రెండు గ్రూపుల్లో ఉన్నవాళ్లకి తెలిసి ఉంటే, "వచ్చే నెల తీసేస్తున్నారంట" అనే మెసేజ్ ఇటు సంబరం, అటు భయం పుట్టించేది కాదు. 2017 డిసెంబర్‌లో ఉట్నూరు వైపు ఎంత దాకా వచ్చిందో ఆదిలాబాద్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇంటర్నెట్ ఆపేస్తే తప్ప ఊళ్లు చల్లబడలేదు.

2024 ఆగస్టు 1 తీర్పు సంగతి ఇంకా దగ్గరిది. ఏడుగురు న్యాయమూర్తులు, ఆరుగురు ఒకవైపు ఒకరు ఒకవైపు. ఎస్సీల్లో ఉపవర్గీకరణ చేసుకోవచ్చు అని. నలుగురు న్యాయమూర్తులు తమ అభిప్రాయాల్లో క్రీమీలేయర్ గురించి మాట్లాడారు, అంతేగానీ రేపటి నుంచి అమలు చేయమని ఆదేశం ఇవ్వలేదు. ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఎస్సీ, ఎస్టీలకి క్రీమీలేయర్ ఉండదని చెప్పింది కూడా. కానీ గ్రూపుల్లో "ఎస్టీలకు క్రీమీలేయర్ వచ్చేసింది" అనేది ఆగలేదు. మా జూనియర్ ఒకడు, ఊళ్లో ఉండి ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి అప్లై చేయాల్సినవాడు, నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలనుకుని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడ వాళ్లు అది ఓబీసీలకి బాబూ అన్నారట. వాడు నమ్మలేదు, వీళ్లు కావాలనే ఇవ్వట్లేదు అనుకున్నాడు. గ్రూపులో అడిగితే గట్టిగా అడుగు, భయపడకు అన్నారు. లాస్ట్ డేట్ దాటిపోయింది. నోటిఫికేషన్‌లో ఎస్టీలకి ఏ సర్టిఫికెట్ కావాలో రాసే ఉంది, ఒక్క పేజీ. పిల్లాడు తెలివితక్కువవాడు కాదు. ఆఫీసువాళ్లు ఎప్పుడూ మోసమే చేస్తారని మనమే నేర్పాం. చాలాసార్లు నిజమే చేస్తారు కూడా. అందుకే ఆ ఒక్కసారి వాళ్లు చెప్పిన నిజం చెవికెక్కలేదు.

ఇంత రాశానని నేను అందరూ మంచివాళ్లే, అందరం ఒకటే అనే పాట పాడుతున్నానని అనుకోకండి. నా అభిప్రాయం నాకుంది. తెలంగాణలో ఎస్టీ జనాభా 2011 లెక్కల్లో దాదాపు 32 లక్షలు, అందులో సగానికి పైగా లంబాడాలే. పట్టణాలకి, రోడ్లకి దగ్గరగా ఉన్న తండాలకీ, అడవి లోపలి గూడేలకీ ఒకే పోటీ పరీక్ష పెట్టి ఇదే సమానత్వం అంటే నేను ఒప్పుకోను. ఇది మావాడితో కూడా అంటాను, గంటలకొద్దీ కొట్లాడుకుంటాం. వాడు ఒప్పుకోడు. మా నాన్న సెంట్రింగ్ పనికి పోతుంటే నన్ను ఏ లెక్కలో ముందుకొచ్చినవాడంటావ్ అంటాడు. నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ మా గ్రూపులో ఆ ప్రశ్నే ఎప్పుడూ రాలేదు, కాబట్టి జవాబు అవసరమే పడలేదు. వాడితో వాదించాకే నా వాదనలో ఎక్కడ బలం ఉందో, ఎక్కడ ఉత్త కేకలో నాకు తెలిసింది.

ఇంకోటి కూడా తెలిసింది. మా గ్రూపు పేరులో "ఆదివాసీ" అని ఉంది. కొలాం, తోటి, చెంచు, కొండరెడ్డి పిల్లలకి ఏమీ దక్కట్లేదని రోజూ రాస్తాం. ఆ నాలుగూ తెలంగాణలో బాగా వెనకబడ్డ తెగలుగా గుర్తించినవి. మా రెండొందల మందిలో కొలాం ఎంతమంది అని ఒకసారి లెక్కపెట్టాను, తీసేయకముందు. ఒక్కడు. తోటి ఎవరూ లేరు. ఆ కొలాం తమ్ముడు ఏడాదిలో రెండు మెసేజులు పెట్టాడు, రెండూ ఎవరికో బర్త్‌డే విషెస్. వాళ్ల పేరు మీద కోయలం, గోండులం మాట్లాడుతున్నాం. లంబాడాలు మనల్ని మింగేశారని మనం ఏ మాటలతో అంటామో, ఆ మాటలే రేపు ఆ తమ్ముడు మనల్ని అనొచ్చు. అతనూ ఒక గ్రూపు పెట్టుకునే దాకా మనకి వినబడదు.

పెద్దవాళ్లు అంటుంటారు, ఇదంతా ఫోన్ల వల్లే అని. నేను పూర్తిగా ఒప్పుకోను. పుకారు సంతలో కూడా తిరిగేది. కానీ సంతలో ఒక మాట అంటే పక్కనే ఉప్పు అమ్మే ఆయన, గాజులమ్మే లంబాడా అమ్మ, మైదానం నుంచి వచ్చిన షావుకారు అందరూ వింటారు. ఎవడో ఒకడు "ఏయ్, నేను నిన్న ఆ ఊరి మీంచే వచ్చా, అదేం లేదు" అనేవాడు. సంతకి అడ్మిన్ లేడు, ఎవర్నీ రిమూవ్ చేయలేడు. గ్రూపులో ఆ పక్క ఊరి మనిషే ఉండడు.

మరి ఏం చేయాలంటే, నేను చేస్తున్నవి చెబుతా, మీకు నచ్చితే చేయండి. జీవో, తీర్పు, నోటిఫికేషన్ అని ఎవరైనా అంటే నంబర్, తేదీ అడుగుతున్నా. అడిగేసరికే సగం మెసేజులు ఆగిపోతున్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. తెలుగు కోర్టు తెలుగే, చదవడానికి చెమట పడుతుంది, అయినా ఫార్వర్డ్ కన్నా నయం. రెండు బాణాల గుర్తున్న మెసేజ్‌ని ఒక రాత్రి నిద్రపోయాక గానీ ఎవరికీ పంపను. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ పుకార్లతో మన రాష్ట్రాల్లో కూడా మనుషుల్ని కొట్టి చంపాకే కదా, ఇండియాలో ఫార్వర్డ్‌లకి ఐదుగురి పరిమితి పెట్టింది. 2020లో, బాగా తిరిగిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా చేశారు. కంపెనీ పని అంతవరకే. కాపీ చేసి పేస్ట్ చేసేవాణ్ణి ఎవరు ఆపుతారు?

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఒకసారి మొత్తం తుడిచేశా. రెండు వారాలు వంటల వీడియోలు, క్రికెట్ తప్ప ఏమీ రాలేదు, ప్రాణం హాయిగా ఉంది. ఆ తర్వాత నాకు కోపం తెప్పించే ఇద్దరు లంబాడా అన్నల చానళ్లు కావాలనే సబ్‌స్క్రైబ్ చేశా. ఒకాయన ఉత్త తిట్లే, మానేశా. ఇంకొకాయన పోడు భూముల మీద చేసిన వీడియోలు మన వాళ్లు చేసినవాటికన్నా బాగున్నాయి, అందులో గోండు రైతులూ ఉన్నారు. అవతలివాళ్లని వినడమంటే అవతల అరిచేవాణ్ణి వినడం కాదు. అరిచేవాడు దొరకడం తేలిక, ఎందుకంటే మన గ్రూపుల్లో స్క్రీన్‌షాట్‌గా వచ్చేది వాడే. పనిచేసేవాణ్ణి వెతుక్కోవాలి.

ఫోన్లు మార్చుకోవడం మాత్రం అందరికీ చెబుతున్నా. రూమ్‌మేట్ లేకపోతే క్లాస్‌మేట్. ఒక్క సాయంత్రం చాలు.

మా బావ నన్ను తిరిగి గ్రూపులో చేర్చలేదు. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు కలిశాడు, అత్త కోడి కోసింది, పక్కపక్కనే కూర్చుని తిన్నాం. గ్రూపు సంగతి ఇద్దరం ఎత్తలేదు. వెళ్లేముందు బండి స్టార్ట్ చేస్తూ, "ఆ క్లిప్‌లో ముసలాయన నిజంగా డీజే గురించే అన్నాడా?" అని అడిగాడు. అవును బావా అన్నా. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

చివరగా ఒక పని. ఈ గ్రూపులో అన్ని తెగలవాళ్లూ ఉన్నారు, అదే దీని గొప్ప. మనకి రాని భాషలో ఏ వాయిస్ క్లిప్ వచ్చినా, వీడియో వచ్చినా ముందు ఇక్కడ పెడదాం. గోర్ బోలీ, గోండి, కోయ, కొలామీ, కువి, సవర, ఏదైనా. ఆ భాష వచ్చినవాళ్లు తెలుగులో అర్థం రాస్తారు, ఆ తర్వాత కోపం రావాల్సింది ఉంటే వస్తుంది. గోర్ బోలీకి మావాడు ఒప్పుకున్నాడు, కోయకి నేనున్నా. మిగతా వాటికి కామెంట్‌లో మీ భాష పేరు రాయండి. కొలామీకి కనీసం ఇద్దరు కావాలి.